చుక్కాని ఎవరి చేతిలో?

మా ఆవిడకు నీళ్లంటే భయం. నాకు భయం లేదు గాని ఈత రాదు. ఇలాంటి దంపతుల్ని పట్టుకుని, "నాలుగు రోజులు పడవలో తిప్పుతాం, రండి" అన్నారు మా తోడల్లుడుగారు. 2018 వేసవి సెలవుల్లో మేము అమెరికా వెళ్లినప్పటి మాట ఇది.

వాళ్లుండేది వర్జీనియా రాష్ట్రంలో, నార్‌ఫోక్ దగ్గర. అక్కణ్ణించి ఫ్లోరిడా దాకా, మహాసముద్రం కోపతాపాలు తగలకుండా, తీరానికి లోపలగా ఒక జలమార్గం ఉంది. నదులూ, ఉప్పునీటి కయ్యలూ, మనుషులు తవ్విన కాలువలూ కలిపి కుట్టిన బొంత లాంటిది. ఇంట్రాకోస్టల్ వాటర్‌వే అంటారు. నార్‌ఫోక్ దగ్గర సున్నా మైలు; మయామీ చేరేసరికి సుమారు 1,100 మైళ్లు. చలికాలం వచ్చేముందు సొంత పడవలున్న భార్యాభర్తలు ఈ దారినే దక్షిణానికి వెళ్లి, ఎండలు రాగానే తిరిగి వస్తూంటారు. మన కొంగల మాదిరే!

మా వాళ్ల పడవ ముప్ఫైనాలుగు అడుగులది. లోపల రెండు పడకలు, చిన్న వంటిల్లు. దానికి "కృష్ణవేణి" అని పేరు పెట్టుకున్నారు. తోడల్లుడుగారు ఇంజనీరు. ఎనిమిదేళ్లుగా ఆయనే కెప్టెను. వదినగారి రాజ్యమల్లా ఆ వంటిల్లే అని వాళ్ల మాటల్లో వింటూనే ఉన్నాం.

తీరా పడవ కదిలే వేళకు చూద్దును కదా, చక్రం ముందు కూర్చున్నది వదినగారు! ఆయన పంట్లాం మడిచి, తాడు పట్టుకుని ముందు నుంచున్నారు.

"అక్కయ్యా, నువ్వా!" అన్నది మా ఆవిడ, నా చెయ్యి గట్టిగా పట్టుకుని.

"నేనే. భయమైతే లోపలికెళ్లి పప్పు పొయ్యిమీద పెట్టు" అన్నది వదినగారు, తల తిప్పకుండా.

పది మైళ్లు వెళ్లాక డీప్ క్రీక్ లాకు వచ్చింది. కృష్ణా కాలువల పక్కన పెరిగినవాణ్ణి, లాకు నాకు కొత్త కాదు. పడవ లోపలికి పోవడం, వెనక తలుపులు మూసుకోవడం, నీరు నిండి పడవ పైకి తేలడం, ముందు తలుపులు తెరుచుకోవడం. అక్కడ పడవ ఎనిమిదడుగుల దాకా లేస్తుంది. కాని ఆ ఇరుకులో పడవను గోడకు రాసుకోకుండా నిలపాలి. "ఎడమకి! అబ్బే, ఎక్కువైంది! వెనక్కి!" అని ముందునుంచి ఆయన కేకలు మొదలెట్టారు.

"మీరు తాడు సంగతి చూడండి. ఇది నేను చూసుకుంటాను" అన్నది వదినగారు.

ఆయన నోరు మూసుకున్నారు. పడవ గోడకు తగలకుండా నిలిచింది. ఇది చూసి మా ఆవిడ నావైపు అదోలా చూసింది. ఆ చూపు అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

లాకు దాటితే డిస్మల్ స్వాంప్ కాలువ. పేరుకు తగ్గట్టే దిగులు పుట్టించే చిత్తడి అడవి. 22 మైళ్ల పొడుగునా బాణంలా సాగే కాలువ. నీళ్లు చిక్కటి తేనీటి రంగు. చెట్ల బెరడులోని వగరు దిగి ఆ రంగు వస్తుందట. త్వరగా పాడుకాదని పూర్వం ఓడలవాళ్లు ఆ నీటినే పీపాల్లో పట్టుకుపోయేవారట. అడుగున మునిగిన దుంగలుంటాయి. అంచేత నెమ్మదిగా పోవాలి.

ఆ కాలువ తవ్వకం 1793లో మొదలై, 1805లో పడవలు తిరగసాగాయి. మరుసటి ఏడే, 1806లో, మా బకింగ్‌హాం కాలువకు మద్రాసులో నాంది పలికారు. మద్రాసు నగరంలోని ముక్కను 1877-78లో కరువు పనిగా, ఆకలితో అలమటించేవాళ్ల చేత తవ్వించారు. ఇక్కడ తవ్వినవాళ్లు బానిసలు. కూలి యజమానులు పుచ్చుకునేవారు. హాయిగా పప్పన్నం తింటూ మనం తేలిపోయే నీళ్లకింద ఎవరి చెమట ఉందో!

ఈ కాలువమీదనే మోజెస్ గ్రాండీ అనే నీగ్రో బానిస పడవలకు కెప్టెనుగా పనిచేశాడు. పెళ్లయిన కొద్ది నెలలకే అతని భార్యను మరొకరికి అమ్మేశారు. కూడబెట్టిన డబ్బుతో తన స్వేచ్ఛను కొనుక్కున్నాడు; యజమాని మోసం చేశాడు. మళ్లీ కొనుక్కున్నాడు, మళ్లీ మోసం. మూడోసారికి గాని విముక్తుడు కాలేదు. అతని ఆత్మకథ 1843లో లండనులో అచ్చయింది. పడవ చుక్కాని అతని చేతిలోనే ఉండేది. బ్రతుకు చుక్కాని మాత్రం ఇంకొకరి చేతిలో.

ఆ రాత్రి పడవను ఒడ్డున కట్టేశాం. ఆడవాళ్లు పడుకున్నారు. కప్పల బెకబెకల మధ్య తోడల్లుడుగారు మెల్లిగా చెప్పారు.

"కిందటి శరత్కాలంలో ఆల్బమార్ల్ జలాల మధ్యన ఉండగా నాకు గుండెనొప్పి వచ్చింది, తమ్ముడూ. కింద పడిపోయాను. మీ వదినకు ఇంజను ఆపడం రాదు. రేడియో ఎలా పట్టుకోవాలో తెలియదు. పదహారో నంబరు మీద పిలిస్తే సహాయం వస్తుందని ఎనిమిదేళ్లలో నేనొక్కసారీ చెప్పలేదు. ఎర్ర తువ్వాలు పట్టుకుని నిలబడి ఊపింది. దైవం చల్లగా చూడబట్టి చేపల పడవవాళ్లెవరో చూశారు."

"ఆపరేషను అయి ఇంటికొచ్చాక ఏమన్నదో తెలుసా? 'నాకు నడపడం నేర్పండి, లేదా పడవ అమ్మేయండి' అన్నది. ఆమెను కష్టపెట్టకూడదని ఇన్నాళ్లూ అన్నీ నేనే చూసుకున్నాననుకున్నాను. నిజానికి చక్రం వదలడం నాకిష్టం లేదు. అంతే."

మూడోనాడు ఆ ఆల్బమార్ల్ దాటాలి. సముద్రానికి అడ్డంగా ఇసుకదిబ్బల గట్టుంది గనుక అది సరస్సులా కనిపిస్తుంది. కాని లోతు తక్కువ. లోతు లేని విశాలమైన నీటిమీద కాస్త గాలి వీచినా అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. పడవ ఎగిరెగిరి పడింది. వంటింట్లో గిన్నెలు దొర్లాయి. మా ఆవిడ ఆంజనేయ దండకం అందుకుంది.

వదినగారు చక్రం విడవలేదు. పెదవులు బిగించి, అలకు ఎదురుగా ముక్కు తిప్పుకుంటూ నడిపింది. నేను ఆమెకంటె ఆయన్నే ఎక్కువ చూశాను. పక్కనే కూర్చున్నారు. రెండుసార్లు ఆయన చెయ్యి చక్రంవైపు లేచింది. రెండుసార్లూ వెనక్కి వచ్చి ఒళ్లో పడింది. గుండె కోసిన కత్తికంటె ఆ రెండు గంటలే ఆయనకు కష్టమై ఉంటాయి.

అవతలి నది నోట్లోకి చేరాక నీరు నిమ్మళించింది. వదినగారు ఇంజను వేగం తగ్గించి, కొంగుతో మొహం తుడుచుకుని, "ఈ చోటే కదండీ" అన్నది. ఆయన తల ఊపారు. ఇద్దరూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇంటికి తిరిగొచ్చిన వారానికి, రాత్రి భోజనాలయ్యాక, మా ఆవిడ అడిగింది:

"ఏమండీ, మన ఇంట్లో రేడియో ఎక్కడుందండీ?"

"రేడియో ఏమిటి? పాడై పదేళ్లయింది" అన్నాను.

"ఆ రేడియో కాదు. మీకేదైనా అయితే నేను పట్టుకోవలసిన రేడియో."

లాకు దగ్గరి చూపు అప్పుడు అర్థమైంది. ఇరవై ఏళ్ల సంసారంలో ఏ బ్యాంకులో ఎంతుందో, ఇన్సూరెన్సు కాగితాలెక్కడున్నాయో, ఇంటిమీది అప్పు ఎంత తీరిందో ఆమెకు నేను చెప్పలేదు. ఆమె అడగలేదు, అడిగితే "నీకెందుకీ గొడవ?" అని ఉండేవాణ్ణి. ప్రేమే అనుకున్నాను. బీరువా తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. రెండు రాత్రులు కూర్చుని కాగితాలన్నీ చూపించాను. రెండోరోజున నేను మరిచిపోయిన ఒక డిపాజిట్టును ఆవిడే పట్టుకున్నది!

మూడోరోజు పొద్దున్న నన్ను వంటింట్లోకి పిలిచి, "మరి నాకేదైనా అయితే?" అని చేతిలో గరిటె పెట్టింది.

కాగితాల లాకు ఆవిడ రెండు రోజుల్లో దాటింది. చారు పొంగకుండా చూసే లాకు దగ్గర నేనింకా పడవ కట్టుకునే ఉన్నాను.