అలీబాగ్‌లో ఇనుము లేని ఇల్లు

ముంబయి వాళ్ళకు అలీబాగ్ అంటే సముద్రపు ఒడ్డు, చేపల పులుసు, ఆదివారం సరదా. మేమూ ఇదివరకు రెండుసార్లు అలాగే వెళ్ళి వచ్చాం. కిందటి దీపావళి సెలవుల్లో మూడోసారి వెళ్ళడానికి మాత్రం కారణం నా నోటి తొందర.

మా తమ్ముడి కూతురు శ్రావణి ఏడో తరగతి. సైన్సులో మార్కులు తగ్గి ఏడుస్తుంటే, "పోనీలే బిడ్డా, మన ఇంట్లో ఎవరికీ సైన్సు ఎక్కదు. నేనూ అందుకే కామర్సు తీసుకున్నాను" అని ఓదార్చాను. నాలుగు రోజుల తర్వాత పుస్తకం తియ్యమంటే ఆ పిల్ల వాళ్ళమ్మకు నా మాటే అప్పజెప్పింది. ఇన్నేళ్ళ బ్యాంకు ఉద్యోగంలో ఏ కాగితం మీదా అంత అజాగ్రత్తగా సంతకం పెట్టలేదు నేను. ఆ మాట ఎలాగైనా వెనక్కి తీసుకోవాలనిపించింది.

గేట్‌వే దగ్గర మాండ్వా లాంచీ ఎక్కాం. బయలుదేరేటప్పుడు ఖలాసీ ఒక వెదురుగడతో గట్టును గట్టిగా నెట్టాడు. లాంచీ పక్కకు జరిగింది. "నెట్టింది గట్టునైతే లాంచీ కదిలిందేం పెద్దనాన్నా?" అంది శ్రావణి. మనం గట్టును ఎంత బలంతో నెడితే గట్టూ మనల్ని అంతే బలంతో ఎదురు నెడుతుంది, అదే న్యూటన్ మూడో సూత్రం అన్నాను. "రెండూ సమానమైతే కొట్టేసుకోవాలి కదా?" అంది. పదో తరగతిలో నాకూ వచ్చిన సందేహమే! అప్పుడు అడగడానికి భయపడి సూత్రం బట్టీ పట్టాను. ఇప్పుడు నా ఉద్యోగమే ఆదుకుంది. ఒక డెబిట్టుకు ఒక క్రెడిట్టు ఉంటుంది, మొత్తాలు సమానమే, కాని అవి రెండు వేరు వేరు ఖాతాల్లో పడతాయి. అలాగే ఒక బలం గట్టు మీద, రెండోది లాంచీ మీద పనిచేస్తాయి. గట్టు భూమిలో పాతుకుని ఉంది కనుక కదల్లేదు, నీటి మీద తేలే లాంచీ కదిలింది.

అలీబాగ్ ఒడ్డునుంచి చూస్తే శివాజీ నాటి కొలాబా కోట సముద్రంలో కనిపిస్తుంది. ఆటు సమయంలో నీళ్ళు వెనక్కి పోతాయి, నడిచే వెళ్ళవచ్చు. గుర్రపు బండివాడు మరాఠీలో హెచ్చరించాడు: "తొందరగా తిరిగి రండి. రేపైతే ఇంకో ముప్పావుగంటకు పైగా ఆలస్యంగా వెళ్ళవచ్చు." అతను చెప్పింది చంద్రుడి లెక్క. చంద్రుడు తనకు దగ్గరగా ఉన్న నీటిని ఎక్కువగా, అవతలి వైపు నీటిని తక్కువగా లాగుతాడు. ఆ తేడావల్ల భూమికి రెండు వైపులా నీరు ఉబ్బుతుంది. అందుకే ఒక పోటుకూ మరో పోటుకూ సుమారు 12 గంటల 25 నిమిషాలు. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు కొంత ముందుకు జరుగుతాడు కనుక రోజుకు 50 నిమిషాల ఆలస్యం.

తిరిగి వచ్చాక ఒడ్డుకు దగ్గర్లోనే ఉన్న అయస్కాంత పరిశీలనశాలకు వెళ్ళాం. పరికరాల గదుల్లోకి వెళ్ళలేదు, బయటినుంచే చూశాం. దాని కథ మాత్రం దారిలోనే చెప్పాను. ముంబయి కొలాబాలో 1841 నుంచి భూమి అయస్కాంత శక్తిని కొలిచేవారు. ఆ శక్తి ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మలోని అయస్కాంతం కన్నా ఎన్నో రెట్లు బలహీనం. ఇంతలో నగరంలో గుర్రపు ట్రాముల బదులు కరెంటు ట్రాములు వస్తాయన్నారు. తీగలో కరెంటు పారితే దాని చుట్టూ అయస్కాంత శక్తి పుడుతుందని 1820లోనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్ కనిపెట్టాడు. ట్రాములు తిరిగితే కొలాబా సూదులు వణుకుతాయి. అందుకని తొలి భారతీయ డైరెక్టరు నానాభాయ్ మూస్ పరిశీలనను 1904లో ముంబయికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని అలీబాగ్‌కు తెచ్చారు. పోర్‌బందర్ రాతితో, ఇనుము లేకుండా కట్టించారు.

ఆయన పాత చోటును వెంటనే మూసెయ్యలేదు. 1906 దాకా రెండు చోట్లా కొలతలు తీయించి సరిపోల్చారు. నేను చేరిన కొత్తల్లో మా శాఖకు కంప్యూటర్లు వచ్చినప్పుడు కూడా కొన్నాళ్ళు లెడ్జరు, కంప్యూటరు రెండూ రాశాం, పైసా తేడా రాకూడదని. కరెంటు ట్రాములు 1907లో నడిచాయి, 1964లో ఆగిపోయాయి. కామాఠిపురానుంచి మా నాన్నగారు పనికి వెళ్ళింది ఆ ట్రాముల్లోనే. లెక్కలు మాత్రం తెగలేదు. 1859 సెప్టెంబరులో సూర్యుడి అలజడివల్ల వచ్చిన మహా అయస్కాంత తుఫాను బలాన్ని అంచనా వెయ్యడానికి 2003లో శాస్త్రజ్ఞులు ఆ పాత కొలాబా లెక్కలనే తీసి చూశారు.

సాయంత్రం ఇసుకలో చిన్న దిక్సూచి పెట్టి, సూది మీదుగా దాని దిశలోనే ఒక తీగ పట్టుకున్నాం. తీగ కొసలు టార్చి సెల్లుకు ఒక్క క్షణం తాకించగానే సూది గిర్రున పక్కకు తిరిగింది. సెల్లు తిప్పి పెడితే రెండో వైపుకు తిరిగింది. శ్రావణి ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. "ట్రామంటే ఇదే కదా పెద్దనాన్నా!" అంది.

అప్పుడు చెప్పాను: "బిడ్డా, మన ఇంట్లో సైన్సు ఎక్కదన్నది తప్పు మాట."

"మరి నువ్వెందుకు వదిలేశావు?"

"రాక కాదు. తెలియనిది అడగడానికి సిగ్గుపడ్డాను."

ఆ పిల్ల ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక నా పాత డైరీ ఒకటి అడిగి తీసుకుంది. అందులో గీతలు కొట్టి రోజూ చంద్రుడు ఉదయించే వేళ రాస్తోంది. మార్కుల సంగతి తర్వాత చూద్దాం. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పిల్లలుంటే ఒక దిక్సూచి, ఒక సెల్లు, మూరెడు తీగ కొనిపెట్టండి. గోడమీది కరెంటు జోలికి మాత్రం పోనివ్వకండి. నాలాగా ఓదార్చకండి.