త్రాసు పట్టిన పిన్నిగారు

మా పేట స్త్రీలము కొందరము చేరి నడుపుకొనుచున్న ఆహార సహకార సంఘములో నేను సభ్యురాలనై తొమ్మిదేండ్లయినది. రైతులయొద్దనుండి బియ్యము, కందిపప్పు, బెల్లము మూటలుగా తెప్పించి, ఆదివారమునాడు ఒకరి వసారాలో తూచి పంచుకొందుము. తూచువారము మేమే, లెక్క వ్రాయువారమును మేమే.

ఈ పద్ధతికి బాట వేసినవారు ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణపు పనివారు. 28 మంది తలకొక పౌను కూర్చుకొని, 1844 డిసెంబరు 21న గోధుమపిండి, వెన్న, చక్కెర వంటి సరకులతో అంగడి తెఱచిరి. ఎవరి సొమ్మెంత యున్నను మనిషి కొక్కటే ఓటు. పెండ్లియైన స్త్రీ ఆర్జన ఆమెదేయను చట్టము ఆ దేశమున 1870లో గాని రాలేదు. ఆ సంఘమునందు మాత్రము అంతకు ముందే స్త్రీలు సభ్యులుగా నుండిరి. ఈ ముక్క చదివిననాడు నాకెంత గర్వమైనదో సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

అట్టి నేనే పొరపాటు చేసితిని. 2020లో వ్యాధిభయముచే గుమిగూడుట మాని, వ్యవహారమంతయు వాట్సాపు గ్రూపునకు మార్చితిమి. సౌకర్యము కలిగినమాట కాదనను. పడుకొనబోవుచు "పెసలు రెండు కిలోలు" అని వ్రాసి పడవేయవచ్చును! వ్యాధి తగ్గినను వసారా మాట ఎవరమును ఎత్తలేదు.

సంఘము పుట్టిననాటినుండి త్రాసు పట్టినవారు మా పొరుగింటి పిన్నిగారు. వారి ఫోను మాటలాడుటకే గాని ఇట్టి వానికి పనికిరాదు. మేము ధరలు నిర్ణయించితిమి, కడకు కందిపప్పు రైతునే మార్చితిమి. అన్నిటికిని బొటనవ్రేలి బొమ్మలే సమ్మతి. పిన్నిగారికి సరకు కుఱ్ఱవానిచే పంపుచుంటిమి. అది చాలుననుకొంటిమి.

ఒకనాడు వారి సంచి విప్పకుండనే తిరిగివచ్చినది. వెళ్లి యడిగితిని. వారు కోపపడలేదు. కాఫీ గ్లాసు చేతికిచ్చి, "సరుకు కొట్లోనూ దొరుకుతుంది, అమ్మాయీ! రైతును మార్చేముందు నన్నొక్కమాట అడిగారా? ఆయన పప్పులో రాళ్లుంటాయని చెప్పేదాన్నిగా" అనిరి.

ఆ నెలంతయు ఇంటింటను చేటలు పట్టి మేము ఏఱుచున్నవి ఆ రాళ్లే.

ఇప్పుడు నెల కొక ఆదివారము మరల వసారాలో కూడుచున్నాము. సరకుల పట్టిక ఫోనులోనే వ్రాసికొనుచున్నాము గాని, రైతును మార్చుట వంటి మాట వసారాలోనే తేలవలెను. పిన్నిగారు వచ్చి గోడ ప్రక్క పీటపై కూర్చుండుచున్నారు. త్రాసు చేతికిచ్చినచో మాత్రము, "మీరు తూచండి, చూస్తాను" అనుచున్నారు.