ఏ డిపార్ట్‌మెంటు టీం ఇది?

‘‘ఏ డిపార్ట్‌మెంటు టీం రా ఇది?’’

2019 నవంబరు 2, శనివారం సాయంత్రం. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో సీట్లు వెతుక్కుని కూర్చున్నామో లేదో, మా తాత అడిగిన మొదటి ప్రశ్న అది.

‘‘డిపార్ట్‌మెంటు కాదు తాతా, ప్రైవేటు క్లబ్బు. హైదరాబాద్ ఎఫ్‌సీ’’ అన్నాను.

‘‘ప్రైవేటా? మరి పోరగాళ్లకు నౌకరీ ఎవరిస్తరు?’’

‘‘నౌకరీ ఉండదు. కాంట్రాక్టు ఉంటుంది.’’

‘‘కాంట్రాక్టా...’’ అని ఒక నిట్టూర్పు విడిచి మైదానం వైపు చూశాడు. ఆ చూపులో వార్మప్ చేస్తున్న ఆటగాళ్ల మీద ఎంత జాలి కనిపించిందో! మా అక్క కొడుక్కి అప్పుడు ఏడేళ్లు. వాడికి ఇవేవీ పట్టలేదు. పాప్‌కార్న్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు.

తాతది ముషీరాబాద్. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఆయన చిన్నతనంలో ఈ ఊళ్లో ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెల్చుకొచ్చిన జట్టది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చేతిలోనే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో అజయ్ దేవగణ్ ‘మైదాన్’ సినిమా వచ్చాక మనలో చాలామందికి ఆయన పేరు తెలిసింది. తాతకు మాత్రం ఆయన ఎప్పుడూ ‘రహీం సాబే’. ‘‘ఫుట్‌బాల్ కోసమే పోలీసుల చేరిన బిడ్డా. ఆట రాలే. నౌకరీ మాత్రం మిగిలింది’’ అని నవ్వుతుంటాడు.

ఆ సాయంత్రం మనవాళ్లు మొదట గోలు ఇచ్చుకుని, తర్వాత రెండు కొట్టి కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించారు. సొంతగడ్డ మీద తొలి మ్యాచ్, తొలి గెలుపు. స్టాండ్లలో పసుపు చొక్కాలతో కేరళ అభిమానులు బోలెడుమంది. మన ఐటీ కంపెనీల్లో మలయాళీలకు కొదవా! ఎవరు మనోళ్లో ఎవరు వాళ్లోళ్లో తెలియక తాత ఇద్దరి గోళ్లకూ చప్పట్లు కొట్టాడు.

ఆ స్టేడియం మీకు తెలిసే ఉంటుంది. 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. అంతకు నాలుగేళ్ల ముందే సైబర్ టవర్స్ వచ్చింది. క్రీడలు అయిపోయాయి. ఆఫీసులు మాత్రం ఏటికేడు పెరిగి స్టేడియాన్ని చుట్టుముట్టాయి. వేల మంది రోజూ క్యాబుల్లో దాని పక్క నుంచే వెళ్తారు. లోపల ఏం జరుగుతోందో వాళ్లలో ఎందరికి తెలుసు? ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడినవాళ్ల ఈ కొత్త ఊరికి గుడి దొరికింది, మాల్ దొరికింది, బిర్యానీ దొరికింది. ‘మాది’ అని అరవడానికి ఒక జట్టు దొరకలేదు. ఈ క్లబ్బు ఆ లోటు తీరుస్తుందని నాలాంటివాళ్లు ఆశపడ్డారు.

మొదటి ఏడాది రెండే గెలుపులు. పది జట్లలో పదో స్థానం. ఆ తర్వాత కరోనా. 2020-21, 2021-22 సీజన్లు రెండూ గోవాలోనే, మూసిన స్టేడియాల్లో జరిగాయి. స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ అనే కోచ్ వచ్చాడు. కుర్రాళ్లను నమ్మాడు. నైజీరియా ఆటగాడు ఒగ్‌బెచే రెండో ఏడాది 18 గోళ్లు కొట్టాడు. మన జట్టు మనకు టీవీలోనే పెరిగి పెద్దదైంది.

2022 మార్చి 20, ఆదివారం. గోవాలో ఫైనల్. మళ్లీ కేరళే ఎదురు. ప్రేక్షకులను రానిచ్చారు. స్టేడియమంతా పసుపే... కానీ అది కేరళ పసుపు! తమాషా ఏమిటంటే ఆ రోజు పసుపు జెర్సీ వేసుకునే హక్కు లీగ్‌లో పైస్థానంలో ఉన్న మన జట్టుకు దక్కింది. 68వ నిమిషంలో కేరళ గోలు కొట్టింది. ‘‘అయిపోయింది పో’’ అని తాత కుర్చీలోనే కళ్లు మూసుకున్నాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన షాట్‌కు మా మేనల్లుడు పెట్టిన కేకతో ఉలిక్కిపడి లేచాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. ఐఎస్ఎల్ కప్పు మనది!

బాల్కనీలోకి వెళ్లి అరిచాం. ఎదుటి అపార్ట్‌మెంట్లో ఎవరో లైటు వేసి చూసి, మళ్లీ ఆర్పేశారు. అంతే. ఊళ్లో అదే ఐపీఎల్ కప్పు అయితే టపాకాయలకు నిద్రపట్టేది కాదు. తప్పెవరిదని చెప్పను? ఊరు చూడకుండా గెలిచిన కప్పు అది. ఆ నెల్లోనే మేనల్లుడికి పసుపు జెర్సీ కొనిచ్చాను. ‘‘పెరిగే పిల్లాడు, పెద్ద సైజు తీసుకో’’ అంది అక్క.

2022-23లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి ఆటో పట్టేవాళ్లం. మోచేతులు దాటిన చేతులతో, మోకాళ్ల దాకా జెర్సీతో వాడు నా వేలు పట్టుకుని నడిచేవాడు. లీగ్‌లో మళ్లీ రెండో స్థానం. సెమీఫైనల్లో పెనాల్టీల్లో ఓడిపోయారు.

తర్వాత కథ చకచకా నడిచింది. 2023లో కోచ్ వెళ్లిపోయాడు. జీతాల బకాయిల వార్తలు వచ్చాయి. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పడింది. ఒక్కొక్కరే సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్లతో 2023-24 ఆడితే 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు. ‘నౌకరీ ఎవరిస్తరు’ అని తాత అడిగినప్పుడు నవ్వుకున్నాను. నవ్వాల్సిన మాట కాదని అప్పుడు తెలిసింది.

2024 సెప్టెంబరులో అదే మనోలో భారత జట్టు కోచ్‌గా ఇదే స్టేడియానికి వచ్చాడు. మారిషస్‌తో డ్రా, సిరియా చేతిలో 0-3 ఓటమి. ఆ ఏడాదే క్లబ్బు యజమానులు మారారు. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ.

వార్త చదివి వినిపిస్తే మేనల్లుడు అడిగాడు. ‘‘మామా, కప్పు కూడా తీసుకెళ్లిపోతారా?’’

సమాధానం దొరకలేదు. ఆ రాత్రి ఎందుకో యారోస్లావల్ గుర్తొచ్చింది.

జర్నలిజం డిప్లొమా చేసి డెస్కులో కొత్తగా చేరిన రోజులు. 2011 సెప్టెంబరు 7న ఏజెన్సీ నుంచి ఒక వార్త వచ్చింది. రష్యాలో విమానం కూలిపోయింది. అందులో ఉన్నది లోకోమోటివ్ యారోస్లావల్ అనే ఐస్ హాకీ జట్టు. సీజన్ తొలి మ్యాచ్ కోసం మిన్స్క్ బయల్దేరి, గాల్లోకి లేచీ లేవగానే కూలింది. 45 మందిలో 44 మంది పోయారు. ఒక ఆటగాడు అయిదు రోజులు ఆస్పత్రిలో పోరాడి కన్నుమూశాడు. బతికింది విమాన సిబ్బందిలో ఒకే ఒక్కరు. ‘ఐస్ హాకీ’ అని రాయాలా, ‘మంచు హాకీ’ అని రాయాలా అని మేం కాసేపు వాదించుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆరు లక్షల జనాభా కూడా సరిగ్గా లేని ఊరది. క్లబ్బు 1959లో పుట్టింది. చాలాకాలం టార్పెడో పేరుతో ఆడి, 2000 నుంచి లోకోమోటివ్ అయింది. పేరులోనే ఉంది, రైల్వేవాళ్ల అండ. రష్యా క్లబ్బులు చాలావరకు అంతే. సోవియట్ కాలంలో సీఎస్‌కేఏ సైన్యానిది, డైనమో పోలీసు శాఖది. మా తాతను అక్కడ దించితే ఒక్క ప్రశ్న కూడా అడగక్కర్లేదు!

ఒక్క రోజులో జట్టు మొత్తం పోయింది. మిగతా క్లబ్బులు ఆటగాళ్లను ఇస్తామన్నా, ఆ ఏడాది పెద్ద లీగ్‌లో ఆడలేదు. కుర్రాళ్లతో కింది లీగ్‌లో ఆడారు. 2012లో తిరిగొచ్చారు. అదే ఊరు, అదే పేరు. 2025లో, మన జట్టు మూటాముల్లె సర్దుకున్న ఏడాదే, వాళ్లు తొలిసారి గగారిన్ కప్పు గెలిచారు. అక్కడ ఆటగాళ్లంతా పోయినా క్లబ్బు మిగిలింది. ఇక్కడ అందరూ క్షేమంగానే ఉన్నారు, క్లబ్బే లేదు.

డిపార్ట్‌మెంటు టీములే గొప్పవని చెప్పడం లేదు. నౌకరీలు ఇవ్వడం తగ్గాక మన పోలీసు జట్టు వైభవమూ కరిగిపోయింది. ఆ సంగతి తాతే ఒప్పుకుంటాడు. అది ఎవరూ ఎత్తుకెళ్లలేదు, ఇంట్లోనే మంచం పట్టింది. ఇంకో మాట కూడా చెప్పాలి. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది పుణె సిటీ క్లబ్బు మూతపడిన చోటులోకే. దాని ఆటగాళ్లు చాలామంది మనకే వచ్చారు. ఆ సాయంత్రం గచ్చిబౌలిలో చప్పట్లు కొడుతున్నప్పుడు పుణెలో నా మేనల్లుడి లాంటి పిల్లాడు ఒకడు ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు.

తాతకు యారోస్లావల్ కథ చెప్పాను. అంతా విని, ‘‘ఆ పోయినోళ్ల ఇంటోళ్లకు రైల్వేల నౌకరీలు ఇచ్చిండ్రా?’’ అని అడిగాడు.

మేనల్లుడికి మాత్రం మా స్పోర్ట్స్ డెస్కులో అడిగి జవాబు తెచ్చాను. ‘‘రికార్డుల్లో 2021-22 విజేత హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఉంటుందిరా. దాన్ని ఎవరూ మార్చలేరు.’’

‘‘రికార్డుల్లోనా...’’ అని బూట్లు కట్టుకుని వెళ్లిపోయాడు. ఆదివారాలు కొండాపూర్‌లో టర్ఫ్ గ్రౌండ్ గంటకింత అని అద్దెకు తీసుకుని ఆడుకుంటున్నారు వాళ్ల క్లాసు పిల్లలు. ఒంటి మీద ఆ పసుపు జెర్సీనే. మోకాళ్ల దాకా ఉన్నది నడుం పైకి వచ్చేసింది, భుజాల దగ్గర కుట్లు పిగులుతున్నాయి. కొత్తది కొనిద్దామని రెండు షాపులు తిరిగాను. ఢిల్లీవి ఆర్డరు పెడితే వస్తాయట.