చుట్టూ నీళ్లే... తాగేందుకు?

కృష్ణమ్మ కడలిలో కలిసే సీమ. కాలువలు, చెరువులు, వరిచేలు... ఎటు చూసినా నీళ్లే! కానీ మంగినపూడి బీచికో, దివిసీమ చివర హంసలదీవికో వెళ్లేవారు మంచినీళ్లు వెంట తీసుకెళ్లాల్సిందే. సముద్రం దగ్గర బోరు నీళ్లు ఉప్పన. కాచితే క్రిములు చస్తాయి, ఉప్పు మాత్రం పోదు. అందుకే బందరు, గుడివాడలకు కాలువ నీరే ఆధారం. దాన్నే చెరువుల్లో నింపి, వేసవిదాకా దాచుకుంటారు.

పిల్లలతో లాడ్జిలో దిగితే గదిలోని జగ్గు నీళ్లు ఎక్కడివో అడగండి. హోటళ్లు నీళ్ల సీసాను ఎమ్మార్పీ కన్నా ఎక్కువకు అమ్ముకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఊళ్లోని కొట్లోనే సీలు, తేదీ చూసి కొనుక్కుంటే డబ్బూ, ఆరోగ్యమూ దక్కుతాయి.

ఇక్కడ ఎవరింటికైనా వెళ్తే ముందు మంచినీళ్లే ఇస్తారు. ఆ గ్లాసులో చుక్క కూడా పారబోయకండి!