వెనక నుంచి చదివినా అదే పేరు

చదువులకూ వ్యాపారాలకూ స్విట్జర్లాండు వెళ్ళిన ఇంగ్లీషు యువకులు తమ వెంట ఫుట్‌బాల్‌ను కూడా తీసుకుపోయారు. అక్కడి పాత క్లబ్బుల పేర్లు కొన్ని విచిత్రంగా ఉండటానికి అదే కారణం. జ్యూరిక్‌లో గ్రాస్‌హాపర్, బెర్న్‌లో యంగ్ బాయ్స్. జర్మన్ మాట్లాడే ఊళ్ళలో ఈ మిడతలేమిటో, ఈ కుర్రవాళ్ళెవరో! కాని ఆ దేశంలో నన్ను కట్టిపడేసిన పేరు ఇంగ్లీషుదీ కాదు, ఏ ఊరిదీ కాదు. క్సామాక్స్.

తెలుగులో రాస్తే ఇందులోని చమత్కారం జారిపోతుంది. రోమన్ లిపిలో ఐదే అక్షరాలు: ఎక్స్, ఏ, ఎమ్, ఏ, ఎక్స్. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే, మన వికటకవిలాగ. పైగా ఆ పెద్ద అక్షరాలు దేనికది అద్దంలోనూ మారనివి కావడంతో, పేరు మొత్తం అద్దంలో కూడా అలాగే కనిపిస్తుంది. పాదభ్రమకాలు రాసిన మన ప్రబంధకవులకు చూపిస్తే మెచ్చుకొని ఉండేవారు.

మాక్స్ అబెగ్లెన్ అనే కుర్రవాడిని పేరు తిరగేసి ‘క్సామ్’ అని పిలిచేవారు. 1912లో నెషాతెల్‌లో పుట్టిన క్లబ్బుకు ఆ ముద్దుపేరు నుంచే పేరు వచ్చింది. అతడిని స్థాపకుల్లో ఒకడిగా చెబుతారు గాని, 1902లో పుట్టినవాడికి అప్పటికి పదేళ్ళే. ఆశ్చర్యపోనక్కరలేదు, మన వీధుల్లో ప్రతి వేసవికీ ఒక క్రికెట్ జట్టు ఇలాగే పుడుతుంది. మరుసటి వేసవికి మిగలదు, అంతే తేడా. ఆ పిల్లవాడు పెద్దవాడై 1924 పారిస్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన స్విస్ జట్టులో ఆడాడు. దేశం తరఫున 68 ఆటల్లో 34 గోల్స్ చేశాడు. ఆ లెక్కను అలెగ్జాండర్ ఫ్రై దాటేసరికి 2008 వచ్చింది. అయితే అతడికి అసలైన కీర్తి దక్కింది తన పేరున్న క్లబ్బులో కాదు, జ్యూరిక్ మిడతల దగ్గర!

నెషాతెల్ అంటే ఫ్రెంచిలో కొత్తకోట. మనకూ కొత్తకోటలున్నాయి కనుక ఆ ఊరు నాకు మొదటినుంచీ దగ్గరిదిగా తోచింది. ముందు సరస్సు, వెనక జురా కొండలు, అప్పట్లో సుమారు 33 వేల జనం. 1916లో దేశవిజేతగా నిలిచిన కాంతోనాల్ అనే మరో క్లబ్బు కూడా అక్కడిదే. 1970లో రెండూ కలిసిపోయాయి. అబెగ్లెన్ కన్నుమూసింది కూడా ఆ ఏడే.

అటు తరువాతి ఇరవయ్యేళ్ళు ఆ చిన్న ఊరికి స్వర్ణయుగం. జిల్బెర్ ఫాక్కినెత్తి అధ్యక్షుడు, జిల్బెర్ గ్రెస్ శిక్షకుడు. 1987, 1988 లీగు విజయాలు వాళ్ళ హయాంలోనివే. 1986లో రియల్ మాడ్రిడ్‌ను సొంత మైదానంలో 2-0తో ఓడించారు. కాని మాడ్రిడ్‌లో 0-3తో ఓడి వచ్చారు కనుక ముందుకు పోలేదు. 1988లో గలతసరాయ్ మీద 3-0తో గెలిచి, ఇస్తాంబుల్‌లో 0-5తో మునిగారు. 1991లో ఈజిప్టు ఆటగాడు హొసామ్ హసన్ ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టగా సెల్టిక్‌ను 5-1తో చిత్తుచేశారు. స్విస్ కప్పు మాత్రం ఎన్నడూ దక్కలేదు. ఐదుసార్లు ఫైనల్ చేరి ఐదుసార్లూ ఓడారు.

ఇదంతా నాకు చెప్పింది మా ఇంటి యజమాని. గడియారాల కార్ఖానాలో పనిచేసి విరమించిన పెద్దాయన. 2011 శరత్తులో రెండుసార్లు నన్ను మలాదియేర్ మైదానానికి వెంటబెట్టుకెళ్ళారు. అప్పటికే ఆయన ముఖంలో సంతోషం లేదు. ఆ మేలో బులాత్ చగాయెవ్ అనే చెచెన్ వ్యాపారి క్లబ్బును కొన్నాడు. శిక్షకులు ఒకరి వెంట ఒకరు మారారు, జీతాలు ఆగాయి. 2012 జనవరి 18న లీగు లైసెన్సు రద్దుచేసింది. వారం తిరగగానే దివాలా. ఏడాదికని ముందే డబ్బు కట్టి కొన్న టికెట్టులో సగం ఆటలు మిగిలిపోయాయి. ఆయన దాన్ని పారేయలేదు, పెట్టెలో దాచలేదు. రోజూ వేసుకునే కోటు జేబులోనే ఉంచుకున్నారు.

“కంపెనీ పోయిందండీ, క్లబ్బు పోలేదు” అన్నారొకనాడు. న్యాయశాస్త్రం ఒప్పుకోని మాట అది. నాకు మాత్రం మా ఊరి నాటక సమాజం గుర్తొచ్చింది. దాన్ని ఎవరూ కొనలేదు, ఎవరూ ముంచలేదు. ఒక ఏడు రిహార్సలుకు నలుగురు రాలేదు, మరుసటి ఏడు పదిమంది రాలేదు. మా నాన్నగారు వేషం కట్టిన ఆ సమాజం పేరేమిటని ఇవాళ ఊళ్ళో అడిగితే చెప్పేవారు లేరు.

క్సామాక్స్ ఐదో అంచెలో మళ్ళీ మొదలుపెట్టింది. 2013లో, సుషార్ చాక్లెట్లకు పేరుపడ్డ సెర్రియేర్ పేటలోని క్లబ్బుతో కలిసింది. 2018కి మళ్ళీ అగ్రశ్రేణిలో ఉంది. 2019లో ఆ స్థానం నిలుపుకోవడానికి ఆరౌ జట్టుతో రెండు ఆటలు ఆడవలసి వచ్చింది. మొదటిది, సొంత మైదానంలోనే, 0-4తో ఓటమి. మూడురోజుల తరువాత ఆరౌ వెళ్ళి 4-0తో గెలిచి, పెనాల్టీల్లో నెగ్గారు. స్కోరు కూడా ఆ పేరులాగే తిరగబడి అదే అయింది!

ఆ రాత్రి పెద్దాయనకు ఫోను చేశాను. గొంతు పోయింది, మాట రాలేదు. పక్కనే ఉన్న ఆయన భార్య ఫోను తీసుకొని, మర్నాడు చేయమన్నారు. మరుసటి ఏడు క్సామాక్స్ మళ్ళీ కింది శ్రేణికి దిగిపోయింది. అప్పుడూ చేశాను. “టికెట్టు కాస్త చౌకవుతుంది” అన్నారు.