సున్నా సైజు ఫైలు

2005లో మా మెస్ లెక్కలు టర్బో సిలో రాసుకునేవాళ్ళం. ఎవరెన్ని రోజులు తిన్నారో దాన్నిబట్టే స్కాలర్‌షిప్పులో కోత. ఓ సాయంత్రం నెల పద్దులన్నీ కొడుతుండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఫైలుంది, సైజు సున్నా! వైరస్ అన్నారందరూ (అప్పట్లో అన్నిటికీ అదే జబ్బు). వెతగ్గా తేలింది: ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ రాసింది ముందు మెమరీలోని బఫర్‌లో ఆగుతుంది. అది నిండి డిస్కుకు వెళ్ళినా, ఫైలు మూసేదాకా డాస్ దాని సైజు నమోదు చేయదు. అప్పట్నుంచి పద్దు పద్దుకీ ఎఫ్‌క్లోజ్ చేసి, మళ్ళీ 'ఎ' మోడ్‌లో తెరిచేవాళ్ళం. 'డబ్ల్యూ' పెడితే పాతవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఎఫ్‌క్లోజ్ సున్నా తిరిగివ్వకపోతే డిస్కు నిండిందేమో చూడండి తమ్ముళ్ళూ. ఆ నెల పద్దులు మాత్రం వంటాయన పాత నోటుబుక్కులో పేరుపేరునా పెట్టిన టిక్కులు చూసి ఎక్కించాం.