నెలసరి నొప్పి, శరీర బరువు: నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం

నేను ఒక చిన్న పట్టణంలో స్త్రీల వైద్యురాలిగా ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి సంవత్సరాలలో జరిగిన సంగతి ఇది. పంతొమ్మిదేళ్ళ అమ్మాయిని వెంటబెట్టుకుని ఒక తల్లి వచ్చింది. "ప్రతి నెలా ఇదే వరస డాక్టరమ్మా! రెండు రోజులు మంచం దిగదు, కాలేజీకి పోదు. మా కాలంలో ఇవన్నీ ఎరుగుదుమా?" అన్నది. నేను అమ్మాయిని బరువు చూసే యంత్రం ఎక్కించాను. నలభై ఒక్క కిలోలు. "బొత్తిగా తిండి తినడం లేదు. కాస్త ఒళ్ళు చేస్తే అదే సర్దుకుంటుంది. పెళ్ళయి ఒక కాన్పు అయితే అసలే ఉండదు" అని చెప్పి, ఐరన్ మాత్రలు, కడుపునొప్పికి వాడే ఒక బిళ్ళ రాసి పంపించాను. ఆ అమ్మాయి నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయింది.

ఏడేళ్ళ తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. పెళ్ళయి నాలుగేళ్ళయినా సంతానం కలగలేదు. నగరంలోని పెద్ద ఆసుపత్రికి పంపితే, లాపరోస్కోపీలో రెండు అండాశయాలలోనూ ఎండోమెట్రియోసిస్ తిత్తులు బయటపడ్డాయి. ఆ నివేదిక నా ముందు పెట్టి ఆమె ఒకే మాట అన్నది: "అప్పుడు మీరు నా బరువు చూశారు గానీ, నొప్పి ఎలా ఉంటుందని అడగలేదు మేడమ్."

ఆ మాట నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు. అందుకే నెలసరి నొప్పికీ, శరీర బరువుకూ ఉన్న సంబంధం ఎంతవరకో, ఎక్కడ ఆ సంబంధం ఆగిపోతుందో నాకు తెలిసినంత మేరకు మీతో పంచుకోవాలని కూర్చున్నాను.

ముందుగా నొప్పి సంగతి. నెలసరికి ముందు శరీరంలో ప్రొజెస్టిరాన్ హార్మోను తగ్గిపోతుంది. అప్పుడు గర్భాశయపు లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. ఇవి గర్భాశయ కండరాన్ని బిగిసేలా చేస్తాయి, రక్తనాళాలను కుంచింపజేస్తాయి. కండరానికి అందవలసిన ప్రాణవాయువు తగ్గుతుంది. నొప్పికి మూలం ఇదే. ఆ రసాయనాలు రక్తంలో కలిసినప్పుడు వాంతులు, విరేచనాలు, తలనొప్పి, నీరసం కూడా తోడవుతాయి. రజస్వల అయిన ఏడాది రెండేళ్ళలో మొదలై, స్రావంతో పాటే వచ్చి, రెండు మూడు రోజులలో తగ్గిపోయే నొప్పి సాధారణంగా ఈ కోవకు చెందినదే.

మా ముందు తరం వైద్యులలో చాలామంది దీనిని మనసుకు సంబంధించిన బాధగా కొట్టిపారేసేవారు. ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ నిరూపించారు. ఆ రంగంలో చేసిన కృషికి ఆయనతో పాటు మరి ఇద్దరు శాస్త్రజ్ఞులకు 1982లో నోబెల్ బహుమతి లభించింది. కనుక మీ అమ్మాయి మంచం పట్టడం సోమరితనమూ కాదు, సుకుమారమూ కాదు. దానికి రసాయనిక కారణం ఉన్నది.

ఇక బరువు. ఆస్ట్రేలియాలో యువతులను పదమూడేళ్ళ పాటు గమనించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఒక విశేషం కనిపించింది. మరీ తక్కువ బరువున్న వారిలోనూ, స్థూలకాయం ఉన్నవారిలోనూ నెలసరి నొప్పి ఎక్కువగా ఉన్నది. నడిమి బరువు వారిలో తక్కువ. అంటే ఇది లావైన పిల్లల సమస్య మాత్రమే కాదు, బక్కపలచని పిల్లల సమస్య మాత్రమే కాదు. అయితే రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేలినట్లు కాదు. ఈ చిన్న తేడాను మరచినందువల్లనే నేను పొరబడ్డాను.

కొవ్వు అంటే ఊరికే పేరుకున్న పదార్థం కాదు. అది కూడా ఒక గ్రంథి వలె పనిచేస్తుంది. అందులోని ఒక ఎంజైము పురుష హార్మోనులను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు మితిమీరితే ఈస్ట్రోజెన్ పెరిగి, గర్భాశయపు పొర మందంగా పెరిగి, స్రావం అధికం కావచ్చు. అండం విడుదల క్రమం తప్పవచ్చు. పీసీఓఎస్ ఉన్నవారిలో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మరోవైపు తినే తిండి శరీరపు ఖర్చుకు చాలనప్పుడు మెదడు పొదుపు మొదలుపెడుతుంది. అండాశయాలకు పంపే ఆదేశాలను తగ్గిస్తుంది. నెలసరి ఆలస్యమవుతుంది, ఒక్కొక్కసారి పూర్తిగా ఆగిపోతుంది. మూడు నెలలు రాకపోతే "నొప్పి లేదు, హాయిగా ఉంది" అనుకోకండి. ఎముకలు బలపడవలసిన వయసులో ఈస్ట్రోజెన్ కరవైతే ఆ నష్టం తరువాత పూడ్చుకోవడం కష్టం.

మీ బరువు ఏ వైపు ఉన్నదో తెలుసుకోవడం తేలిక. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండు సార్లు భాగించండి. మన భారతీయులకు 18.5 నుంచి 22.9 వరకు ఆరోగ్యకరమైన స్థాయి. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. 158 సెంటీమీటర్ల ఎత్తు, 41 కిలోల బరువు ఉన్న అమ్మాయికి 16.4 వస్తుంది. 155 సెంటీమీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు ఉంటే దాదాపు 30.

ఈ రెండవ లెక్క కూడా నేను చూసిన అమ్మాయిదే. హాస్టల్‌లో ఉండి ఇంజనీరింగ్ చదువుతుండేది. నొప్పి అని ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా "ముందు బరువు తగ్గు" అన్నారట. ఆ మాట పట్టుకుని ఉదయం టిఫిన్ మానేసింది, రాత్రి భోజనం మానేసింది, కాఫీతో కాలం గడిపింది. నాలుగు కిలోలు తగ్గింది. నొప్పి తగ్గలేదు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 ఉన్నది. లావుగా ఉన్న పిల్లలకు రక్తహీనత ఉండదని అనుకోవడం పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిలలో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది.

ఆ అమ్మాయికి నేను ముందు నొప్పికి మందు ఇచ్చాను, బరువు సంగతి తరువాత మాట్లాడాను. ఐబుప్రొఫెన్, మెఫనమిక్ ఆసిడ్ వంటి మందులు నొప్పి ముదిరిన తరువాత వేసుకుంటే సరిగా పనిచేయవు. నొప్పి మొదలవుతున్నప్పుడే, ఏదైనా తిన్న తరువాత, డాక్టరు చెప్పిన వ్యవధిలో రెండు రోజులు వాడాలి. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, నొప్పి మాత్రలతో ఎక్కువయ్యే ఆస్తమా ఉన్నవారు వీటిని సొంతంగా వాడకూడదు. మెఫనమిక్ ఆసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. వాడిన తరువాత జ్వరం, ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు కనిపిస్తే మందు ఆపి వెంటనే డాక్టరును కలవండి. కొందరికి హార్మోను మాత్రలు అవసరమవుతాయి. వాటితో పిల్లలు పుట్టరని తల్లులు భయపడతారు. అది నిజం కాదు.

పొట్టమీద వేడినీళ్ళ సంచి పెట్టుకోవడం, వారంలో మూడు రోజులు ముప్పావు గంట చొప్పున చురుకైన నడక లేదా యోగా చేయడం ఉపశమనాన్ని ఇస్తాయి. ఆహారం మాటకు వస్తే, పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి చేసి పెట్టే ఆచారం మనకున్నది. నువ్వులు, బెల్లం కలిపి దంచిన ఆ ఉండలను పది రోజులు మురిపెంగా తినిపిస్తాము. వేడుక ముగిసిన తరువాత ఆ పిల్ల పొద్దున ఏమి తిన్నదో అడిగేవారుండరు. పప్పు, గుడ్డు, ఆకుకూరలు, పల్లీలు, వాటితో పాటు ఇనుమును ఒంటికి పట్టించే నిమ్మ, ఉసిరి, జామ ఏడాది పొడవునా ఆమెకు అందాలి. బరువు తగ్గవలసి ఉంటే నెమ్మదిగా తగ్గాలి, పెరగవలసి ఉంటే చిరుతిళ్ళతో కాక భోజనంతో పెరగాలి. నా హాస్టల్ అమ్మాయి ఏడాదిలో ఆరు కిలోలు తగ్గింది. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. పరీక్షరోజున నెలసరి వచ్చినా హాలులో కూర్చుని రాయగలిగింది.

ఇక, బరువు మీదికి నెట్టివేయకూడని నొప్పి ఒకటున్నది. ఏటికేడు పెరిగే నొప్పి, మూడు నెలలు మందులు సరిగా వాడినా లొంగని నొప్పి, నెలసరి లేని రోజులలోనూ వచ్చే నొప్పి, ఆ రోజులలో మల మూత్ర విసర్జన సమయంలో వచ్చే నొప్పి, దాంపత్య సమయంలో బాధ, గంటకొక ప్యాడు మార్చవలసినంత స్రావం... వీటిలో ఏది ఉన్నా నిపుణులకు చూపించండి. ఎండోమెట్రియోసిస్ సన్నగా ఉన్నవారిలోనూ తరచుగా కనిపిస్తుంది. స్కానింగ్ మామూలుగా ఉన్నంత మాత్రాన అది లేదని చెప్పడానికి వీలులేదు. అకస్మాత్తుగా భరించలేని నొప్పి, జ్వరం, స్పృహ తప్పడం, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

మూడు నెలల పాటు ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి: తేదీ, పదికి నొప్పి ఎంత, ఎన్ని మాత్రలు వేసుకున్నారు, ఏ ఏ పనులు మానుకోవలసి వచ్చింది. డాక్టరు మీ బరువు గురించి మాట్లాడటం మొదలుపెడితే, వినండి. విన్న తరువాత ఆ పుస్తకం తెరిచి ముందు పెట్టి, "దీని సంగతి కూడా చూడండి" అని అడగండి. అలా అడగడం అమర్యాద కాదు.

ఆనాటి అమ్మాయికి శస్త్రచికిత్స జరిగింది. నొప్పి చాలావరకు తగ్గింది. ఏడేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఆ తరువాత నేను నా గదిలో తలుపు పక్కన ఉండే బరువు యంత్రాన్ని తీయించి లోపలి మూలకు పెట్టించాను. పదవీ విరమణ చేసేవరకు, ఏ అమ్మాయి వచ్చినా ముందు కుర్చీలో కూర్చోబెట్టి, "చెప్పమ్మా, నొప్పి ఎలా ఉంటుంది?" అని అడిగిన తరువాతనే ఆ మూలకు పంపాను. మీ ఇంట్లో ఈ బాధ పడుతున్న పిల్ల ఉంటే, ఈ రోజే ఆ ప్రశ్న మీరూ అడగండి.